క్యాంపు తర్వాత ఎవరొస్తారు?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా భామ్రాగఢ్ తాలూకాలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకొని కవండే అనే ఊరుంది. 2025 మార్చిలో అక్కడ 24 గంటల్లో పోలీసు ఔట్‌పోస్టు లేచింది. అంతకుముందు వాంగేతురి, గర్దేవాడ, పెనుగుండలలోనూ ఇదే పద్ధతి. వందల మంది కమాండోలు ముందు చుట్టుపక్కల అడవిని జల్లెడ పడతారు. వెనకాలే జేసీబీలు, ట్రైలర్లు వస్తాయి. పొద్దు తిరిగేసరికి రెడీమేడ్ గదులు నిలబడతాయి. చుట్టూ రక్షణ గోడ, ఇసుక బస్తాల మోర్చాలు, జనరేటర్, మరుగుదొడ్లు, తాగునీటి శుద్ధి యంత్రం, మొబైల్ టవర్, అన్నీ ఒక్కొక్కటిగా అమరిపోతాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది శుద్ధి యంత్రాన్ని మొదటిసారి చూసింది ఆ కంచె లోపలే అయినా ఆశ్చర్యం లేదు. దీన్ని ఎత్తిపొడుపుగా చెప్పాల్సిన పనిలేదు. తలచుకుంటే ఏ మారుమూలకైనా ఏదైనా చేరవేయగల సత్తా ప్రభుత్వానికి ఉందని ఆ ఒక్క రోజు రుజువు చేసింది. చూడాల్సింది ఆ మర్నాటి నుంచి జరిగేది.

నలభై ఏళ్లకు పైగా మావోయిస్టు ఉద్యమం, దాని అణచివేత నడిచిన నేల ఇది. మహారాష్ట్ర వైపు సిరొంచ, అహేరి, ఏటపల్లి, భామ్రాగఢ్. ఒడిశా వైపు మల్కనగిరి, కోరాపుట్, రాయగడ. ఈ రెండు అంచుల్లోనూ తెలుగు వినిపిస్తుంది. సిరొంచలో అది ఇంటి భాష. మోటు, మల్కనగిరి, జయపురం, రాయగడ, గుణుపూర్ బజార్లలో వ్యాపార భాషల్లో ఒకటి. ఇక్కడి ఊళ్లకు రోడ్డు, టవర్, వైద్య శిబిరం, ఆధార్ కార్డు వచ్చిన తీరు మైదాన ప్రాంత పాఠకులకు వింతగా అనిపించవచ్చు. వాటిలో చాలా భాగం యూనిఫాం వేసుకున్న మనుషుల వెంట వచ్చాయి.

సైన్యం పౌర పనులు చేపట్టడం ప్రపంచానికి కొత్త కాదు. అమెరికా సైన్యంలో దీనికి ప్రత్యేక దళాలే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన పట్టణాల్లో నీళ్లు, రేషను, మునిసిపాలిటీ నడిపించడం వాటి పని. వియత్నాంలో 1967లో ‘కార్డ్స్’ పేరుతో సైనిక, పౌర అధికారులను ఒకే గొడుగు కిందికి తెచ్చారు. అఫ్గానిస్థాన్‌లో 2003 నుంచి ‘ప్రాంతీయ పునర్నిర్మాణ బృందాలు’ పనిచేశాయి. ఇరాక్‌లోనైతే కమాండర్ల చేతికే నగదు ఇచ్చి బావులు, బడులు బాగుచేయించమన్నారు. మన దేశంలో సైన్యం 1998 నుంచి జమ్మూకశ్మీర్‌లో ‘ఆపరేషన్ సద్భావన’ నడుపుతోంది. మధ్య భారతపు అడవుల్లోకి మాత్రం సైన్యాన్ని పోరుకు దింపలేదు. శాంతిభద్రతలు రాష్ట్రాల బాధ్యత కాబట్టి రాష్ట్ర పోలీసులు, వారికి తోడుగా సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వచ్చాయి. మల్కనగిరి, కోరాపుట్‌లలో 2010 నుంచి బీఎస్‌ఎఫ్ ఉంది. గడ్చిరోలిలో స్థానిక యువకులతో 1990లో పుట్టిన సీ-60 దళానిదే ముందువరస. పౌర పనుల కోసమంటూ వీటిలో విడిగా దళమేదీ లేదు. గాలింపుకు వెళ్లే జవానే మరో రోజు దుప్పట్లు పంచుతాడు. ఈ ఏర్పాటులోని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఈ పంపకాలకు కేంద్ర హోంశాఖ పెట్టిన పేరు సివిక్ యాక్షన్ ప్రోగ్రామ్. సోలార్ దీపాలు, కుట్టు మిషన్లు, రేడియోలు, దోమతెరలు, వాలీబాల్ కిట్లు, వైద్య శిబిరాలు, కుర్రాళ్లను పట్నాలు చూపించి తీసుకురావడం వంటివి దీని కింద జరుగుతాయి. 2014-15 నుంచి సుమారు పదేళ్లలో అన్ని రాష్ట్రాల్లోని అన్ని కేంద్ర బలగాలకూ కలిపి దీనికి విడుదలైన సొమ్ము 200 కోట్ల రూపాయలకు కాస్త తక్కువ. మల్కనగిరిలో కట్టిన ఒక్క గురుప్రియ వంతెనకే దాదాపు అంత ఖర్చయింది. పత్రికల్లో ఫొటోలు ఎక్కువగా వచ్చేది మొదటి దానివి. జనం బతుకు మార్చింది రెండోది. బలగాల పౌర సేవను అంచనా వేసేవారు ఈ తేడాను మరిచిపోకూడదు. పంచిన వస్తువుల కంటే బలగాల వల్ల ఇతరులు చేయగలిగిన పనులే ఎక్కువ విలువైనవి.

గురుప్రియ వంతెన కథను కొంత వివరంగా చెప్పుకోవాలి. సీలేరు నది మీద ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా బలిమెల జలాశయం కట్టుకున్నాయి. నీటిని రెండు రాష్ట్రాలూ చెరిసగం పంచుకున్నాయి. నీళ్లు నిలిచాక చిత్రకొండ అవతల 151 ఊళ్లు మూడు వైపులా జలాశయానికి, నాలుగో వైపు ఆంధ్ర మన్యం కొండలకు చిక్కి తెగిపోయాయి. ప్రభుత్వ కాగితాల్లోనే వాటి పేరు ‘కటాఫ్ ఏరియా’. సొంత బ్లాకు కార్యాలయానికి వెళ్లాలంటే లాంచీ కోసం ఎదురుచూడాలి; కొండ దిగి ఆంధ్ర వైపు సంతకు నడిచిపోవడమే కొన్ని ఊళ్లకు సులువు. ఒడ్డున కరెంటు పుడుతుంది, ఆ నీళ్ల అవతల కిరసనాయిలు దీపం వెలుగుతుంది. మావోయిస్టులు అక్కడ పాతుకుపోవడానికి సిద్ధాంతం ఎంత కారణమో, ఈ భూగోళం అంతే కారణం.

వంతెనకు 1982లోనే శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత టెండర్లు పిలవడం, ఎవరూ రాకపోవడం, వచ్చినవారు పారిపోవడం మామూలైపోయింది. 2008 జూన్ 29న జలాశయంలో లాంచీలో వస్తున్న ఆంధ్ర గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఒడ్డు కొండల నుంచి కాల్పులు జరిగాయి. 38 మంది చనిపోయారు. నీళ్ల మీద ప్రయాణమంటే ఏమిటో ఆ రోజుతో అందరికీ తెలిసొచ్చింది. చివరకు బీఎస్‌ఎఫ్ క్యాంపు పక్కన పెట్టుకొని, పహారా మధ్య స్తంభాలు లేపారు. 910 మీటర్ల వంతెన 2018 జూలై 26న ప్రారంభమైంది. నాటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ఆ ప్రాంతానికి ‘స్వాభిమాన్ అంచల్’ అని పేరు మార్చారు. వంతెన దాటి బీఎస్‌ఎఫ్ క్యాంపులు ఒక్కొక్కటిగా లోపలికి జరిగాయి. వాటి వెనక రోడ్లు, రోడ్ల వెనక బస్సు, అంబులెన్సు వెళ్లాయి.

ఇక్కడ బలగాలు చేసింది ఏమిటి? వంతెన కట్టలేదు, డిజైను గీయలేదు, బిల్లులు చెల్లించలేదు. రోడ్లు, భవనాల శాఖ ఇంజనీరు వచ్చి పని చూసుకొని ఇంటికి క్షేమంగా వెళ్లేలా కాపలా కాశాయి. బలగాలకు ఇవ్వదగ్గ పౌర పాత్రల్లో ఇదే మేలైనదని చెప్పాలి. పని ఎవరిదో వారి చేతిలోనే ఉంది. భద్రత మాత్రమే అరువు.

అదే జిల్లాలో భద్రత లేకుండా వెళ్లిన అధికారి కథ ఒకటి అందరికీ గుర్తుంటుంది. 2011 ఫిబ్రవరి 16న కలెక్టర్ ఆర్. వినీల్ కృష్ణ అభివృద్ధి పనులు చూడటానికి చిత్రకొండ ప్రాంతానికి బందోబస్తు లేకుండా వెళ్లారు. ఆయన్నూ, ఒక జూనియర్ ఇంజనీరునూ మావోయిస్టులు అపహరించారు. ఆయన్ను విడిచిపెట్టాలంటూ మల్కనగిరి జనం ఊరేగింపులు తీశారు. ఆదివాసులు, కార్యకర్తలు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఫిబ్రవరి 24న ఆయన విడుదలయ్యారు. ఒక జిల్లా అధికారి కోసం ఇలా జనం కదలడం అరుదు. తుపాకీ లేకుండా తిరిగే అధికారికి దక్కే నమ్మకం ఎంతో, అతడికి పొంచి ఉండే ముప్పు ఎంతో ఆ తొమ్మిది రోజులు పక్కపక్కనే చూపించాయి. తర్వాత వచ్చిన అధికారుల్లో ఎక్కువమంది ముప్పునే గుర్తుపెట్టుకున్నారంటే తప్పు పట్టలేం. కానీ దాని ఫలితం ఊళ్లు అనుభవించాయి. గ్రామసభ జరగాలన్నా, కరెంటు స్తంభం పాతాలన్నా ముందు ‘ఏరియా క్లియర్’ కావాలి.

రోడ్డు పడగానే వైద్యం రాదనడానికి సాక్ష్యం కూడా మల్కనగిరే. 2016 సెప్టెంబరు నుంచి మెదడువాపు లక్షణాలతో ఆ జిల్లాలో నెలల వ్యవధిలో వంద మంది వరకు పిల్లలు చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌కెఫలైటిస్ తేలింది. మిగతావారి విషయంలో పొలం గట్ల మీద పెరిగే కసింద గింజల విషమే కారణమని నిపుణులు చెప్పారు. చనిపోయిన పిల్లలు ఎక్కువగా కోయ ఇళ్లవారు, ఆకలికి దొరికింది తిన్నవారు. వారి ఊళ్లలో చాలావాటికి అప్పటికే దారి ఉంది. లేనిది, పిల్లవాడికి జ్వరం వచ్చిన మొదటి రోజునే ఇంటికి వచ్చి చూసే ఆరోగ్య కార్యకర్త. ఆమెను అడిగే పై డాక్టరు. ఆ డాక్టరు జిల్లాలో ఉండటం. వారానికో రోజు క్యాంపులో పెట్టే వైద్య శిబిరం ఈ లోటు తీర్చలేదు. శిబిరంలో జ్వరం బిళ్లలు దొరుకుతాయి, టానిక్ సీసా దొరుకుతుంది. టీబీ మందు ఆరు నెలలు వాడించడం, కాన్పు తేదీ గుర్తుపెట్టుకోవడం, బరువు తగ్గిన బిడ్డను మళ్లీ మళ్లీ తూచడం శిబిరం చేయగలిగే పనులు కావు.

ఇక అందరూ లోలోపల మాట్లాడుకునే చిక్కు ఒకటుంది. క్యాంపులో కుట్టు మిషన్ తీసుకున్న ఇంటిని మర్నాడు ఎవరు గమనిస్తారు? ఈ అడవుల్లో ‘ఇన్‌ఫార్మర్’ ముద్ర పడిన మనిషి ప్రాణానికి గ్యారంటీ లేదు. మావోయిస్టులు ప్రజాకోర్టు పెట్టి చంపిన సంఘటనలు గడ్చిరోలిలోనూ మల్కనగిరిలోనూ లెక్కలేనన్ని. మరోవైపు మావోయిస్టు దళానికి అన్నం పెట్టాడన్న అనుమానంతో పోలీసులు పట్టుకుపోయిన వారి జాబితా కూడా చిన్నది కాదు. కాబట్టి ఉచితంగా ఇచ్చే రేడియో కూడా ఇక్కడ ఉచితం కాదు. పంచే జవానుకు ఈ సంగతి తెలుసు. పుచ్చుకునే మనిషికి ఇంకా బాగా తెలుసు. పైన కూర్చుని ఎన్ని మిషన్లు పంచారో లెక్క అడిగే అధికారి ఒక్కడికే అది పట్టదు.

అఫ్గానిస్థాన్‌లో ఈ తప్పు పెద్ద ఎత్తున జరిగింది. సహాయం అందుతూ ఉండాలంటే తాలిబన్ల సమాచారం ఇవ్వాలంటూ 2004లో దక్షిణ ప్రాంతాల్లో సైన్యం కరపత్రాలు పంచింది. ఆ ఏడాది జూన్‌లో ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ సిబ్బంది అయిదుగురు హత్యకు గురయ్యారు. దాదాపు పాతికేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఆ సంస్థ మూటాముల్లె సర్దుకుంది. వెళ్తూ సైన్యం సాయాన్ని సమాచారంతో ముడిపెట్టడాన్ని బాహాటంగా తప్పుపట్టింది. డాక్టరుకూ గూఢచారికీ తేడా చెరిగిపోతే ముందుగా దెబ్బతినేది డాక్టరే. ఆ యుద్ధం మీద అమెరికా ప్రభుత్వం నియమించిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ 2018లో ఇచ్చిన నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది. పోరు తీవ్రంగా ఉన్న జిల్లాల్లోనే తొందరగా, మోతాదు మించి డబ్బు గుమ్మరించారని, అక్కడ సాధించిన మార్పులు సైనికులు ఉన్నన్నాళ్లే నిలిచాయని తేల్చింది. మన అడవులు అఫ్గానిస్థాన్ కావు. ఇక్కడ ఎన్నికలున్నాయి, పంచాయతీలున్నాయి, కోర్టులున్నాయి. అవి ఉన్నాయి కాబట్టే, క్యాంపు నుంచి పని అందుకోవడానికి ఒక చేయి సిద్ధంగా ఉండాలి.

గడ్చిరోలి పోలీసులు 2021 నుంచి నడుపుతున్న ‘దాదాలోరా ఖిడ్కీ’ ఈ సమస్యకు కొంత తెలివైన జవాబు. స్టేషన్లలో, ఔట్‌పోస్టుల్లో ఒక కౌంటరు పెట్టి ప్రభుత్వ పథకాల దరఖాస్తులన్నీ అక్కడే తీసుకుంటారు. కుల ధ్రువీకరణ, ఆధార్, ఆయుష్మాన్ కార్డు, విత్తనాలు, డ్రైవింగు లైసెన్సు, ఉద్యోగ మేళా, అన్నీ ఆ కిటికీ దగ్గరే. వస్తువు పంచడం కంటే ఇది మెరుగు. ఇచ్చేది పౌర శాఖ, పోలీసు మధ్యలో ఉండే గుమాస్తా. ఆదివాసీ కుటుంబానికి తాలూకా కేంద్రం దాకా వెళ్లి రావడానికి రెండు రోజుల కూలీ పోతుంది. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దొరక్కపోతే మళ్లీ వెళ్లాలి. ఈ ఖర్చు తప్పించడం చిన్న విషయం కాదు.

సిరొంచ వైపు ఈ కిటికీని దగ్గరగా చూస్తే దాని హద్దులూ కనిపిస్తాయి. ప్రాణహిత ఒడ్డున ఉన్న ఈ పట్టణం ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. ఇక్కడి రైతు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు. భామ్రాగఢ్ వైపు నుంచి వచ్చిన కూలీ మాడియా గోండుల భాష మాట్లాడతాడు. కౌంటరు దగ్గర ఫారం మరాఠీలో ఉంటుంది. అది నింపిపెట్టేది తరచూ ఎనిమిదో తరగతి పిల్లో, మరాఠీ వచ్చిన తెలుగు కానిస్టేబులో. తండ్రి పేరు ఆధార్‌లో ఒక రకంగా, సాత్‌బారా అనే భూమి హక్కు పత్రంలో మరో రకంగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఒక్క అక్షరం తేడాకు పంట నష్టపరిహారం ఆగిపోతుంది. ఆ అక్షరం దిద్దే అధికారం పోలీసుకు లేదు, తహసీల్దారుకే ఉంది. కిటికీ దరఖాస్తును చేర్చగలదు, తీర్పు చెప్పలేదు.

సిరొంచ రైతుకు ఇంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. మేడిగడ్డ బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లు గోదావరి ఈ ఒడ్డున పొలాలు ముంచాయి. భూమికి, పంటకు పరిహారం కోసం ఇక్కడి రైతులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. బ్యారేజీ తెలంగాణది, పొలం మహారాష్ట్రది, ఇద్దరి మధ్య ఒప్పందం రెండు రాజధానుల మధ్యది. ఏ ఔట్‌పోస్టు దీన్ని తేల్చగలదు? మల్కనగిరి దక్షిణ కొస మోటు దగ్గర ఇదే భయం మరో రూపంలో ఉంది. పోలవరం నిండితే శబరి, సీలేరు వెనక్కి తన్ని తమ ఊళ్లు మునుగుతాయని ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. బలిమెలలో ఒకసారి మునిగిన జిల్లా అది. తాము ఉంటామో పోతామో తెలియని ఊళ్లో వేసే సిమెంటు రోడ్డును జనం ఏ కళ్లతో చూస్తారో పునర్నిర్మాణం గురించి మాట్లాడేవారు ఆలోచించాలి. ఈ ప్రాంతాల్లో అసలు ఫిర్యాదులు భూమి, నీరు, అడవి మీద హక్కుల గురించి. అవి బలగాల పరిధిలోకి రానే రావు.

రోడ్ల సంగతికి వస్తే, యుద్ధ ప్రాంతంలో రోడ్డు వేయడం మామూలు సివిల్ పని కాదు. తెల్లారగానే రోడ్డు తెరిచే బృందం బయలుదేరుతుంది. ముందు మెటల్ డిటెక్టరు పట్టుకున్న జవాను, అతడికి ఇరువైపులా కాస్త దూరంగా చెట్ల మాటున నడిచేవారు, పసిగట్టే కుక్క. ప్రతి కల్వర్టు దగ్గరా ఆగి కిందికి దిగి చూస్తారు. మందుపాతర పెట్టడానికి కల్వర్టు గొట్టం కంటే అనువైన చోటు లేదు. తారు రోడ్డు అంచు తవ్వి తీగ లాగడం తేలిక. అందుకే చాలాచోట్ల సిమెంటు కాంక్రీటు రోడ్లు వేశారు. ఖర్చు పెరుగుతుంది. తనిఖీ అయ్యాకే కూలీలు వస్తారు, చీకటి పడకముందే యంత్రాలు క్యాంపు పక్కకు చేరాలి. ఒక్కోసారి రోజులో పని జరిగేది అయిదారు గంటలే. దీనికి తోడు కాంట్రాక్టరు దళానికి కట్టిన ‘పన్ను’ అంచనాల్లో ఏదో పద్దు కింద దూరిపోయేదని ఈ ప్రాంతంలో ఎరగనివారు లేరు.

దీని ప్రమాదం 2019 మే 1న తేటతెల్లమైంది. గడ్చిరోలి ఉత్తరాన దాదాపూర్‌లో రోడ్డు పనికి వచ్చిన పాతికకు పైగా వాహనాలను తెల్లవారుజామున తగలబెట్టారు. అక్కడికి బయలుదేరిన పోలీసుల వాహనం జాంబుల్‌ఖేడా దగ్గర మందుపాతరకు గురైంది. 15 మంది పోలీసులు, వారి డ్రైవరు చనిపోయారు. తగలబెట్టిన రోడ్డు యంత్రాలే ఎర అయ్యాయి. కేంద్రం 2009లో 8 రాష్ట్రాల్లోని 34 జిల్లాలకు మొదలుపెట్టిన రోడ్ల పథకం, 2016లో తెచ్చిన రెండో పథకం కలిపి 14 వేల కిలోమీటర్లకు పైగా రోడ్లు వేయగలిగాయంటే, వాటి వెనక ఇలాంటి తెల్లవారుజాములు ఎన్నో ఉన్నాయి.

అయితే ఏ రోడ్డు ఎవరికోసమన్న ప్రశ్న బలగాల త్యాగంతో తీరిపోదు. ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. 2016 డిసెంబరులో మావోయిస్టులు అక్కడ 70కి పైగా లారీలు, యంత్రాలు తగలబెట్టారు. ఆ తర్వాత గనికి పోలీసు రక్షణ పెరిగింది, తవ్వకం పెరిగింది, ఎర్రదుమ్ము రేపుతూ లారీల వరసలూ పెరిగాయి. 2023లో తోడగట్ట దగ్గర డజన్ల కొద్దీ ఊళ్ల ఆదివాసులు నెలల తరబడి గుడారాలేసి కూర్చున్నారు. తమకు బడికి, ఆసుపత్రికి పోయే దారి చాలు, గనులకు పోయే వెడల్పాటి రోడ్లు వద్దు అన్నది వారి వాదన. ఆ ఏడాది నవంబరులో పోలీసులు ఆ శిబిరాన్ని తొలగించారు. ఆందోళన వెనక మావోయిస్టులున్నారని అధికారులు అన్నారు. ఉండొచ్చు, లేకపోవచ్చు. అడిగిన ప్రశ్నకు మాత్రం విలువ తగ్గదు. దరఖాస్తు తీసుకునే కిటికీ పెట్టిన వ్యవస్థే గని రోడ్డుకు కాపలా కాస్తే, ఆ కిటికీ దగ్గరికి వచ్చే మనిషి రెండింటినీ కలిపే చూస్తాడు.

తుపాకీ తోడు లేకుండా ఈ అడవిలో ఏమీ నడవదనేవారు హేమల్‌కసా దాకా వెళ్లి రావాలి. బాబా ఆమ్టే 1973లో భామ్రాగఢ్ దగ్గర లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, డాక్టర్ మందాకిని దశాబ్దాల పాటు అక్కడే ఉండి మాడియా గోండులకు వైద్యం చేశారు, బడి నడిపారు. దళాలూ పోలీసులూ చుట్టూ తిరుగుతున్న ఏళ్లలోనే ఆ ఆసుపత్రి తలుపులు మూసుకోలేదు. జిల్లా ఉత్తరాన డాక్టర్ అభయ్, రాణి బంగ్‌ల ‘సెర్చ్’ సంస్థ 1986 నుంచి పనిచేస్తోంది. పసికందును ఇంటి దగ్గరే కాపాడటానికి ఊరి మహిళలకు శిక్షణ ఇచ్చే పద్ధతిని ఆ సంస్థ రూపొందించింది. దేశమంతా ఆశా కార్యకర్తలు ఇప్పుడు చేసే నవజాత శిశు సంరక్షణకు మూలం అదే. అందరూ ఆమ్టేలు కాలేరనడం నిజమే. ఆ రెండు చోట్లా కనిపించే లక్షణం ఒకటి మాత్రం ప్రభుత్వం తెచ్చుకోవడానికి మహాత్ములు అక్కర్లేదు: అక్కడే ఉండటం. బదిలీ మీద వచ్చి బదిలీ కోసం ఎదురుచూసే డాక్టరు, వానాకాలం పర్లకోట నది పొంగి భామ్రాగఢ్ తెగిపోయే రోజులకు ముందే సెలవు పెట్టి వెళ్లిపోతే, ఎన్ని క్యాంపులు పెట్టినా లాభం లేదు.

మెంఢా-లేఖ ఊరు మరో పాఠం. అటవీ హక్కుల చట్టం కింద 2009లో దేశంలో తొలిసారిగా సామూహిక హక్కు పొందిన ఊళ్లలో అది ఒకటి. సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద గ్రామసభకు హక్కు వచ్చింది. వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే పుస్తకం గ్రామసభ చేతికి రావడానికి మాత్రం 2011 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చాక. ఆ తర్వాత గడ్చిరోలిలో ఎన్నో గ్రామసభలు వెదురును, తునికాకును సొంతంగా వేలం వేసుకున్నాయి. ఒకప్పుడు తునికాకు కట్ట రేటు పెంచించి దళాలు జనంలో పేరు తెచ్చుకున్నాయి. ఆ పనే చట్టం ప్రకారం గ్రామసభ చేస్తే, అక్కడ దళానికి చోటు తగ్గింది. ఒడిశా వైపు నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ బాక్సైటు గనిని కాదన్నాయి. ఆ మాట చెల్లింది. ఓటు వేస్తే, తీర్మానం చేస్తే అది నిలబడుతుందన్న అనుభవం ఏ దుప్పటి పంపకం కంటే లోతుగా పనిచేస్తుంది.

ఇప్పుడు పరిస్థితి వేగంగా మారింది. 2025 అక్టోబరు 15న గడ్చిరోలిలో ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ఎదుట మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు, మరో 60 మందితో కలిసి ఆయుధాలు అప్పగించారు. పెద్దపల్లి బిడ్డ; ప్రాణహిత దాటి ఈ అడవుల్లోకి వచ్చిన తెలుగు తరానికి చివరి పెద్ద పేర్లలో ఒకరు. ఆయన భార్య తారక్క అదే ఏడాది జనవరి 1న లొంగిపోయారు. ఆ రోజే గర్దేవాడ వైపు ఆర్టీసీ బస్సు మొదలైంది. 2026 మార్చి 31 కల్లా మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది.

దళం వెళ్లిపోయిన చోట ఖాళీ ఏర్పడుతుంది. భూమి తగాదా, పెళ్లి తగువు, వడ్డీ వ్యాపారి జులుం వంటివాటిని మంచికో చెడుకో ఇన్నాళ్లూ దళం తేల్చింది. ఆ స్థానంలోకి ఔట్‌పోస్టు ఇన్‌ఛార్జి వచ్చి కూర్చోవడం తేలిక. జనం కూడా ముందు అతడి దగ్గరికే వెళ్తారు, ఎందుకంటే రాత్రి పూట ఊళ్లో ఉండే సర్కారు మనిషి అతడొక్కడే. ఈ అలవాటు ముదిరితే సర్పంచ్, తలాఠీ, గ్రామసభ పేరుకే మిగులుతాయి. చేయాల్సింది దీనికి ఎదురు. క్యాంపులోని టవర్ ఊరిదని రాసివ్వడం, నీటి యంత్రం పంచాయతీకి అప్పగించి నడిపే మనిషికి జీతం పెట్టడం, దరఖాస్తు కిటికీని గ్రామ పంచాయతీ భవనంలోకి మార్చి అక్కడ తెలుగు, మాడియా, కోయ వచ్చిన స్థానిక యువతిని కూర్చోబెట్టడం, ఒక్కో పనికి అప్పగింత తేదీ ముందే ప్రకటించడం. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. తేదీ లేని అప్పగింత ఎప్పటికీ జరగదని మాత్రం ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్న ఎవరికైనా తెలుసు.

ఖర్చు ఉన్నచోట మెలిక ఇంకోటి ఉంది. వామపక్ష తీవ్రవాదం పేరిట వచ్చే ప్రత్యేక కేంద్ర సాయం హింస తీవ్రతను బట్టి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం ‘అత్యంత ప్రభావిత’ జిల్లాకు 30 కోట్లు, ఆ తర్వాతి తరగతిలోని ‘ఆందోళనకర’ జిల్లాకు 10 కోట్లు. మల్కనగిరి అప్పటికే రెండో తరగతిలో ఉంది. గడ్చిరోలి అదే ఏడాది అక్టోబరులో మొదటి జాబితా నుంచి బయటికి వచ్చింది. అంటే కాల్పులు ఆగి, డాక్టరు, టీచరు, ఇంజనీరు నిర్భయంగా వెళ్లగలిగే రోజు రాగానే వారిని పంపడానికి ఉన్న డబ్బు తగ్గుతుంది. రోడ్లదీ అదే దారి. గ్రామీణ సడక్ యోజన పద్ధతిలో వేసిన రోడ్డును అయిదేళ్ల పాటు కాంట్రాక్టరే బాగుచేయాలి. 2016 పథకం కింద తొలి విడతలో పూర్తయిన రోడ్ల గడువు ఇప్పటికే అయిపోయింది. ఖనిజ లారీలు నడిచే దారుల్లో, రెండు వానలకు అంచులు కోసుకుపోయే కొండ వాలుల్లో వాటి మరమ్మతు ఇక రాష్ట్ర బడ్జెట్లలోంచి రావాలి.